మ్యూచువల్‌కి ఇద్దరు కావాలి

ఇంగ్లీషులో మ్యూచువల్ అనే మాట వినబడితే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. అలాగని ఆ మాట నాకు తెలియనిది కాదు. కుప్పం దగ్గర ఒక ప్రభుత్వ బడిలో పిల్లలకు ఇంగ్లీషు చెప్పేది నేనే. నాకు నీ మీద, నీకు నా మీద గౌరవముంటే అది మ్యూచువల్ అనీ, మనిద్దరికీ సంబంధించిన మూడో మనిషి ఒకరుంటే కామన్ అనీ, ఇద్దరం కలిసి ఒకే పని చేస్తే జాయింట్ అనీ బోర్డు మీద రాసి మరీ చెప్తాను. బయట ఆ మాటలు వాడే తీరు వేరు. నేను అద్దెకుండే గదికి కామన్ బాత్రూం ఉంది. కామన్ అంటే అందరూ వాడేది, నేనొక్కదాన్నే కడిగేది. అది చీపురు పట్టుకుంటే తీరిపోయే బాధ. మ్యూచువల్ అలా కాదు.

మా టీచర్లలో మ్యూచువల్ అంటే బదిలీ. నా ఊరికి మీరు, మీ ఊరికి నేను పోవాలనుకుంటే, ఇద్దరం ఒప్పుకుని జాయింట్‌గా దరఖాస్తు పెట్టుకుంటే, చోట్లు మార్చుకోవచ్చు. మా ఆయన, రెండో తరగతి చదివే మా పాప మదనపల్లెలో ఉంటారు. నేను శనివారం బడి అయ్యాక బస్సెక్కి పోయి, ఆదివారం సాయంత్రం తిరిగొస్తాను. వారమంతా దాని జడలు వాళ్ల నాన్నే వేస్తాడు. ఒకటి చెవి పైన, ఒకటి చెవి కింద. నేను పోగానే వాటిని విప్పి మళ్లీ అల్లుతాను. "రేపు కూడా నువ్వే ఏస్తావా మా?" అని అది ప్రతిసారీ అడుగుతుంది.

ఆ మధ్య టీచర్ల వాట్సాప్ గ్రూపులో ఒక సారు దొరికాడు. పనిచేసేది మదనపల్లె దగ్గర. పెళ్లాం బిడ్డలు ఉండేది వెంకటగిరికోటలో. కుప్పం వైపు వస్తే రోజూ ఇంటినుంచే వచ్చిపోవచ్చు. నాకెంత అవసరమో ఆయనకూ అంతే కదా అనుకున్నాను.

కాదట. ఆయన వరమిచ్చేవాడు, నేను చేతులు కట్టుకుని నిలబడేదాన్ని. మా హెడ్‌మాస్టరు "ఆయప్ప ఒప్పుకున్నాడంటే నీ అదృష్టమమ్మా" అన్నాడు. ఆయన అదృష్టం గురించి మాత్రం ఒక్కరూ నోరెత్తరు. ఇద్దరికీ మధ్యలో ఉంటుందని ఆ సారు పుంగనూరులో కలుద్దామన్నాడు. బస్టాండు ఎదురుగా హోటల్లో నేనూ మా ఆయనా ఆ సారూ కూర్చున్నాం. బదిలీ నాది, ఆయన చూపంతా మా ఆయన వైపు.

"మేడమ్ వాళ్ల బడి రోడ్డు పక్కనే ఉండాదా సార్? బస్సు దిగి నడవాల్నా?"

"ఆమెనే అడగండి సార్. ఆడ పనిచేసేది ఆమె" అన్నాడు మా ఆయన.

అడగలేదు. "మన మధ్య మ్యూచువల్ అండర్‌స్టాండింగ్ ఉంటే సాలు సార్. నేను మాటంటే మాటే" అని మా ఆయన చేతిలో చెయ్యి వేశాడు. ఆ మధ్యలో నేను ఎక్కడున్నానో నాకు తెలియలేదు. అయినా నోరు మూసుకున్నాను. అవసరం నాది. మదనపల్లె పోయాక, అమ్మ ఇంక ఇక్కడే ఉంటుందని పాపకు చెప్పేశాను.

ఆ తర్వాత మొదలైంది. "మంచిరోజు సూస్తాండాను మేడమ్" అన్నాడు. తర్వాత నెట్టు పనిచేయలేదన్నాడు. దరఖాస్తు గడువు ఆఖరి రోజు పొద్దున్నుంచీ ఫోన్ స్విచాఫ్. సాయంత్రం మెసేజ్ వచ్చింది: సారీ మేడమ్, ఫ్యామిలీ ప్రాబ్లం. కలవాలంటే ఇద్దరూ సంతకం పెట్టాలంట, తెంచాలంటే ఒకడు ఫోన్ ఆపేస్తే చాలంట. "ఇడిసిపెట్టు, ఇంగొకరు దొరుకుతారు" అన్నాడు మా ఆయన. నేను విడిచిపెట్టలేదు. చపాతీ పిండి పిసుకుతూ కూడా ఆ మనిషిని తిట్టుకున్నాను.

వారం తిరక్కముందే, బడిలో అన్నం తినే వేళ, తెలియని నంబరు నుంచి ఫోనొచ్చింది.

"అక్కా, వెంకటగిరికోట నుంచి మాట్లాడతాండాను. మీతో బదిలీ అనుకున్న సారు భార్యను." నా కోపానికి తీసిపోని కోపం ఆ గొంతులో ఉంది. "మీకూ బిడ్డ ఉండాదంట గదా. ఆకర్రోజు ఎందుకు వద్దనేస్తిరి? ఆయన సంతకం పెట్టేదానికి కూర్చోనుంటే మీరు ఫోనే ఎత్తలేదంట. నాయన ఇంగ రోజూ ఇంటికే వస్తాడని బిడ్డలకు చెప్పేసినాను. ఇప్పుడేం చెప్పేది నేను?"

అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆ పెద్దమనిషికి ఇంటికి రావాలని లేదు. ఆ మాట పెళ్లాంతో అనే ధైర్యం లేదు. దానికి నన్ను అడ్డం పెట్టుకున్నాడు. ఆమెకూ నాకూ కామన్‌గా ఉన్నది ఆ ఒక్క మనిషి, ఇద్దరినీ మోసం చేశాడు.

"వద్దన్నది నేను కాదమ్మా. ఆ దినమంతా నేనే ఫోన్ చేస్తా ఉంటిని" అన్నాను.

ఆమె గొంతు తగ్గించి, "శనివారం వస్తాడు. ఈ మాటే ఆయన ముందర ఒకసారి చెప్తారా అక్కా? ఫోన్ స్పీకర్లో పెడతాను" అంది.

పాప జడలు గుర్తొచ్చాయి. శనివారం రాత్రికి వాళ్ల నాన్న వేసినవే ఉండనీ అనుకున్నాను.

"ఫోన్ ఎందుకమ్మా? నా బస్సు మీ ఊరి మీదనే పోతాది. దిగుతాను."