నీళ్ల ముందు ఆగిన ఇంజిన్

ఆ ఉదయం అక్క పాదాలు చెప్పుల్లో పట్టలేదు. వేలితో నొక్కితే పడిన గుంట అలాగే ఉండిపోయింది. వర్షాలకు కొల్లేటికోట నుంచి బయటికొచ్చే రోడ్డు మునగడంతో ఏలూరు ఆసుపత్రిలో ఆమె డయాలసిస్ ఒక విడత తప్పిపోయింది. ఆమెను చూడ్డానికి వెళ్లిన నేనూ అక్కడే చిక్కుకున్నాను. నీరు కాస్త తీసింది, కార్లు ఒక్కొక్కటిగా దాటుతున్నాయని కబురొచ్చింది. బావ చెరువు గట్టు తెగకుండా చూసుకోవడానికి వెళ్లిపోయాడు. అక్కను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని నేను బయల్దేరాను.

వీధి మలుపు తిరిగేలోపే ఇంజిన్ వణకడం మొదలుపెట్టింది. నాది కార్బురేటర్ కాలం నాటి పాత పెట్రోలు కారు. దాని దగ్గూ మూలుగూ నాకు తెలుసు. ఇది వేరు. యాక్సిలరేటర్ తొక్కినంతసేపూ బాగానే పరుగెత్తుతోంది. కాలు తీస్తే చాలు, జ్వరం వచ్చినవాడిలా వణికి చచ్చిపోతోంది. గేదెలు అడ్డొచ్చిన చోట ఒకసారి ఆగింది, వంతెన ఎక్కే ముందు మరోసారి.

"ఒరే తమ్ముడూ, వెనక్కి పోదామా?" అంది అక్క. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటోంది.

"వెనక్కి పోతే ఆసుపత్రి అక్కడికి రాదు కదక్కా."

కోపంగా అన్నాను గానీ, అది భయం. ముందున్నదేమిటో నాకు తెలుసు. రోడ్డుకు రెండు వైపులా చెరువులు, మధ్యలో రోడ్డు మీదుగా పారే నీళ్లు. అంచు కనిపించదు. పాతిన కర్రలే గుర్తు. అక్కడ మెల్లగానే వెళ్లాలి. మెల్లగా వెళ్తే నా కారు ఆగుతుంది. నీళ్లలో ఆగితే పొగగొట్టంలోంచి నీరెక్కి ఇక లేవదు. పడవ ఎక్కిద్దామంటే అక్కకు దాంట్లోకి అడుగుపెట్టే ఓపిక లేదు. అవతల బండి దొరుకుతుందన్న నమ్మకమూ లేదు.

నీళ్ల అంచున బళ్లన్నీ ఆగి ఉన్నాయి. మా వైపు అదొక ఆనవాయితీ. దాటే ముందు బండి ఆపి, చిటికెడు పసుపూ ఒక రూపాయీ నీళ్లలో వేసి, అమ్మవారికి దండం పెట్టుకుని కదులుతారు. ఆగకుండా పక్కనుంచి తప్పించుకుపోవాలని చూశాను. ముందున్న వ్యాన్ అడ్డం తిరిగింది. కాలు తీశాను. ఇంజిన్ ఆగిపోయింది.

చెరువు కాపలాదారు ఒకాయన కిటికీ దగ్గరకొచ్చాడు. నా ఉపన్యాసాలు ఎక్కడో విన్నట్టున్నాడు.

"ఏవండీ మేష్టారూ, అమ్మకి చెప్పుకోకుండా దాటేద్దామనుకున్నారేంటండీ?"

"ఇంజిన్‌లో ఏదో తేడా వచ్చిందండీ."

"దేవుడు లేడని మీటింగుల్లో మాకు చెబుతారు కదండీ. బండికి కూడా చెప్పండి మరి, వింటుందేమో."

చుట్టూ నవ్వారు. అక్క నవ్వలేదు. కొంగు ముడి విప్పుతోంది.

"రూపాయి వేసి రారా. నా కోసం."

ఆ క్షణంలో నాలో లేచిన భయాన్ని దాచను. బండి ఆగిన చోటల్లా నా లోపల ఒకటే మాట వినిపించింది: అమ్మ ఆపింది. రెండుసార్లు తోసేశాను. మూడోసారి, అదీ నీళ్ల ముందు, అక్క పెదవులు నల్లబడుతుండగా విన్నప్పుడు, ఆ మాట మెదడులోకి కాదు, కడుపులోకి దిగింది. మనుషుల చేత ఒప్పించుకునే మాటలన్నీ ఇలాగే దిగుతాయి. రుజువుతో కాదు, ఆలోచించే తీరిక లేని గడియ చూసుకుని. అమ్మవారు గేదెల దగ్గర ఎందుకాపింది? కాలు తొక్కి ఉంచితే ఎందుకు ఊరుకుంటోంది? భయం సాక్ష్యం కాదు.

"వేస్తే బండి కదలదక్కా. ముందు చూడనీ," అని బానెట్ ఎత్తాను.

తొక్కితే పరుగెత్తుతోందంటే పెట్రోలు అందుతోంది, నిప్పురవ్వ పడుతోంది. మిగిలింది గాలి. అప్పుడు గుర్తొచ్చింది, వంతెన దగ్గర బ్రేకు రాయిలా బిగుసుకుంది. కాలు నొప్పి పుట్టేలా తొక్కాల్సి వచ్చింది. అది భయం వల్లననుకున్నాను. ఇంజిన్ పీల్చే గాలిబలమే ఒక రబ్బరు గొట్టం ద్వారా బ్రేకుకు సాయపడుతుంది. రెండు జబ్బులకూ ఆ గొట్టమొక్కటే చుట్టం.

"అక్కా, తాళం తిప్పు."

"నేనా? నాకేం తెలుసురా!"

"తలుపు తాళమే అనుకో. తిప్పు."

ఎన్నడూ కారు తాళం ముట్టని మనిషి పక్కకు ఒరిగి తిప్పింది. కార్బురేటర్ దగ్గరున్న యాక్సిలరేటర్ తీగను చేత్తో లాగి పట్టుకున్నాను. మెల్లగా వదులుతుంటే వణుకు మొదలైంది. ఆ వణుకు కింద, పాము బుసలాంటి సన్నటి చప్పుడు. గొట్టం మొదటిదాకా వేళ్లతో తడిమాను. ఒకచోట గొట్టం వేలి చర్మాన్ని లోపలికి లాగింది. గట్టిగా మూసి పట్టుకున్నాను. ఇంజిన్ శాంతించింది. వేలు తీశాను, మళ్లీ వణుకు.

రబ్బరు మీద చిన్న చిన్న పంటిగాట్లు. గొట్టం పక్కన మూలల్లో తవుడు.

నాకు అర్థమైంది. వాన తగలకుండా కారును బావ షెడ్డులోనే పెట్టాను. చేపల మేతకని తాడేపల్లిగూడెం మిల్లు నుంచి తెచ్చిన తవుడు బస్తాలు ఆ షెడ్డులోనే ఉన్నాయి. తవుడుకొచ్చిన ఎలుకలు వెచ్చటి ఇంజిన్‌లో కాపురం పెట్టాయి.

"ఎలకండీ!" అన్నాను, అనవసరమైనంత గట్టిగా.

"ఎలకని పంపిందెవరండీ మరి?" అన్నాడు కాపలాదారు.

"మా బావండీ. తవుడు పెట్టి."

ఈసారి అక్క కూడా కాస్త నవ్వింది. నవ్వు దగ్గులోకి తిరిగింది. కాపలాదారు మొహం మారిపోయింది. అడక్కుండానే వల తాళ్లు కోసే చాకు అందించాడు. గాటు గొట్టం చివరికి దగ్గర్లోనే ఉంది. అక్కడిదాకా కోసేసి, మిగిలినదాన్ని లాగి మళ్లీ తొడిగాను. పాత బిగింపు క్లిప్పు పట్టలేదు. అక్క సంచిలో డయాలసిస్ తర్వాత చేతికి వేసే అంటుపట్టీ చుట్ట ఉంది. అదే చుట్టాను, అయిపోయేదాకా.

ఇంజిన్ నిలకడగా తిరిగింది. ఎంతసేపు చూస్తే నమ్మొచ్చు? అక్క ఊపిరి నాకంత వ్యవధి ఇవ్వలేదు. ఆమె రూపాయి కాపలాదారు చేతికిచ్చి, "నా పేరు మీద వెయ్యి బాబూ" అంది. నేను అడ్డు చెప్పలేదు. నీళ్లలోకి దిగాను.

దండం పెట్టుకున్నవాళ్లకు ధైర్యమైనా ఉంటుంది. నా దగ్గరున్నది పరీక్ష పూర్తికాని ఒక అతుకు. నీళ్లు తలుపు అంచుకు తగులుతున్నాయి. సగం దూరంలో ఎదురుగా ట్రాక్టర్ వచ్చింది. ఇద్దరికీ దారి లేదు. కర్రల పక్కకు జరిగి ఆగాలి.

కాలు తీశాను.

ఇంజిన్ ఒకసారి కుంగింది. అక్క చెయ్యి నా మోచేతిని పట్టుకుంది. ట్రాక్టర్ లేపిన అల వచ్చి తలుపును కొట్టింది, కారు పక్కకు ఊగింది. చప్పుడు మాత్రం ఆగలేదు. ఆగలేదని నమ్మడానికి నాకు ట్రాక్టర్ దాటిపోయేదాకా పట్టింది.

ఏలూరు ఆసుపత్రి గేటు దగ్గర ఆయా చక్రాల కుర్చీ తెచ్చింది. అక్కను దింపడానికి నేను కదల్లేదు. చెయ్యి తాళం మీదే ఉంది, తిప్పడానికి రావట్లేదు. ఇంజిన్ తిరుగుతూనే ఉంది.

"ఇక ఆపరా," అంది అక్క. "వచ్చేశాం."