పిన్ని ఇచ్చిన ఒక్క కాక్టస్

ఇవాళ వైశాలి నగర్ నర్సరీలో గులాబీరంగు పువ్వు పూసిన బుల్లి కాక్టస్‌ను చూసి, కొనలేక వచ్చేశాను.

మరోదా స్టీల్ ప్లాంట్ క్వార్టర్లలో పెరిగినవాళ్లకు గుర్తుందా, మొక్కల మీద పేరుకునే ఆ ఎర్రదుమ్ము? పక్కింటి పిన్ని పిడి విరిగిన టీ కప్పుల్లో కాక్టస్‌లు పెంచేది. ఓ వేసవిలో విజయనగరం వెళ్తూ వాటిని నాకు అప్పగించింది. "నీళ్లు పొయ్యకే తల్లీ, బ్రష్షుతో దుమ్ము దులుపు సాలు" అంది.

ముళ్లకు భయపడి నేను రోజూ పైపు పెట్టి కడిగేశాను. ఒక్కటి తప్ప అన్నీ కుళ్లిపోయాయి.

"ఏటయిందే ఇలాగ?" అంది పిన్ని తిరిగొచ్చాక.

"ఎండకే పిన్నీ. నేను రోజూ బ్రష్షుతోనే దులిపాను."

"అయ్యో, ఎన్ని ముళ్లు గుచ్చుకున్నాయో" అంటూ పిన్ని నా వేళ్లకు కొబ్బరినూనె రాసి, మిగిలిన ఆ ఒక్క మొక్కనూ నా చేతిలో పెట్టింది.

ఆ వేళ్ల మీద ఒక్క గీత కూడా లేదు.