అంజయ్య ముడుల లెక్క

రాష్ట్రం వచ్చిన నాలుగో ఏట, వానకాలం మొదట్లో, నన్ను భువనగిరి వైపు ఒక ప్రభుత్వ ఆసుపత్రికి ఫార్మసిస్ట్ గ్రేడ్-1గా బదిలీ చేశారు. ఆసుపత్రి పేరు రాయను. జరిగిన తప్పు నాది, ఆసుపత్రిది కాదు. అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసు. నా రిజిస్టర్లలో కొట్టివేతలు ఉండవని పై అధికారులు చెప్పుకునేవారు, అది విని నేను లోలోపల మురిసిపోయేవాణ్ణి.

ఆ ఆసుపత్రిలో కొత్తగా నొప్పి నివారణ విభాగం తెరిచారు. ఇక వైద్యం లేదని హైదరాబాదు నుంచి ఇంటికి పంపిన కాన్సర్ రోగులకు కనీసం నొప్పి లేకుండా చూడడం దాని పని. అందుకు వాడేది మార్ఫిన్ మాత్ర. మార్ఫిన్ నల్లమందు నుంచి వస్తుంది కాబట్టి గంజాయికీ హెరాయిన్‌కూ వర్తించే మాదకద్రవ్యాల చట్టమే దీనికీ వర్తిస్తుంది. పూర్వం ఒక ఆసుపత్రి ఈ మాత్రలు తెప్పించుకోవాలంటే నాలుగైదు లైసెన్సుల కోసం కాళ్ళరిగేలా తిరగాలి. తరువాత చట్టం సవరించి ఒక్క అనుమతి చాలన్నారు. రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారి గుర్తింపు ఇస్తాడు. ఆసుపత్రిలో శిక్షణ పొందిన డాక్టరు ఒకరుండాలి, ప్రతి రోగి పేరూ నమోదు కావాలి, ఎంత వచ్చింది ఎంత ఇచ్చాం అన్నది రిజిస్టర్లో ఉండాలి. అంతే.

మా దగ్గర ప్రతి రోగికీ ఒక కార్డు ఇచ్చేవాళ్ళం. అందులో రోగి పేరు, జబ్బు, మోతాదు, వాటితో పాటు మాత్రలు తీసుకెళ్ళే మనిషి పేరూ ఫొటో ఉండేవి. దారిలో పోలీసులు ఆపి జేబులో మార్ఫిన్ చూసినా, ఆ కార్డు చూపిస్తే వదిలేయాలి. రోగి కన్నా ఆ తోడు మనిషికే కార్డు ఎక్కువ అవసరం, ఎందుకంటే మాత్రలతో బస్సెక్కేది అతనే.

మాత్రలు రెండు తాళాల బీరువాలో ఉండేవి. ఒక తాళంచెవి నా దగ్గర, రెండోది సిస్టర్ స్వరూప దగ్గర. కౌంటర్ పక్కన ఒక బోర్డు వేలాడదీశాను. దాని మీద అయిదు నిబంధనలు, అన్నీ నా చేతిరాతే. అయిదోది: 'ఖాళీ స్ట్రిప్పులు తిరిగి ఇస్తేనే కొత్త మాత్రలు ఇవ్వబడును.' నేను కొల్లాపూర్ వైపు పనిచేసిన రోజుల్లో నా పైన ఉన్న ఒకాయన ఇంజెక్షన్ల లెక్క రెండు తక్కువై సస్పెండయ్యాడు. మంచి మనిషి, పాపం. పెన్షన్ కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతూనే పోయాడు. ఆ భయం నాలో అప్పటి నుంచీ ఉంది. ఆ భయంతోనే ఆ అయిదో వాక్యం రాశాను.

జూలైలో అంజయ్య వచ్చాడు. యాభై అయిదేళ్ళ చేనేత కార్మికుడు. దగ్గర్లోని ఊళ్ళో మగ్గం ఉంది కానీ, అతని అసలు పని చిటికి కట్టడం. అంటే రంగులో ముంచే ముందు, నూలు పోగుల మీద డిజైను ప్రకారం సైకిలు ట్యూబు రబ్బరు ముక్కలతో ముడులు వేయడం. ముడి ఉన్నచోట రంగు అంటదు. ఆ అంటని చోట్లే చీర మీద పువ్వులై కనపడతాయి. అతని భార్య సత్తెమ్మకు గర్భసంచి కాన్సర్, నడుములోకీ ఎముకల్లోకీ పాకింది. పిల్లలు లేరు. ఆమెకు ఉన్నది ఆయనొక్కడే.

ఈ మందులో శిక్షణ పొందిన మా డాక్టరమ్మ రాసిన మోతాదు ఇది: పొద్దున ఆరింటికి, పదింటికి, మధ్యాహ్నం రెండింటికి, సాయంత్రం ఆరింటికి ఒక్కో మాత్ర, పడుకునే ముందు రెండు. రోజుకు ఆరు, పద్నాలుగు రోజులకు ఎనభై నాలుగు. నేను గబగబా చదివి కార్డు చేతిలో పెట్టాను.

"సార్, నాకు సదువు రాదు. ఏ యాళ్లకు ఏది ఇయ్యాల్నో జర నిమ్మళంగ చెప్పుండ్రి" అన్నాడు.

సిస్టర్ స్వరూప పక్కకు తీసుకెళ్ళి వేళ్ళ మీద లెక్కించి చెప్పింది. స్ట్రిప్పుల సంగతి ఆమె చెప్పలేదు. బోర్డు మీద ఉంది కదా అని నేనూ చెప్పలేదు. చదువు రాదని ఆ మనిషి నా ముందే అన్నాడు. అది నా చెవిన పడింది, అంతకుమించి లోపలికి పోలేదు.

మాత్రలు మొదలుపెట్టిన పదమూడో రోజు, గురువారం, మళ్ళీ వచ్చాడు. ముఖం తేటగా ఉంది. సత్తెమ్మ కూర్చుని అన్నం తింటోందని, పక్కింటివాళ్ళతో మాట్లాడుతోందని స్వరూపకు చెప్పాడు. నేను ఖాళీ స్ట్రిప్పులు అడిగాను. అతనికి అర్థం కాలేదు. గోలీల షీట్లు అన్నాక, "అవి పొయిల ఏసిన సార్. లెక్క గీడ ఉన్నది" అంటూ సంచిలోంచి ఒక నూలు పోగు తీశాడు.

మూరెడు పోగుల కట్ట అది. దాని మీద వరసగా రబ్బరు ముడులు. అతను స్ట్రిప్పును కత్తెరతో ఒక్కో మాత్రగా కత్తిరించి, వేళల వారీగా ఆ పోగుకు కట్టుకున్నాడట. పొద్దుటిది ఎర్ర నూలుతో, మిగతావి ఇంకో మూడు రంగులతో, పడుకునే ముందు రెండూ నల్ల నూలుతో కలిపి. మాత్ర ఇవ్వగానే దాన్ని విప్పి, ఆ చోట రబ్బరు ముడి వేశాడు. రోజు పూర్తయితే పెద్ద ముడి. చదువు రాని మనిషి, నాలుగు గంటలకోసారి ఇవ్వాల్సిన మందును ఒక్క వేళా తప్పకుండా ఇచ్చుకోవడానికి తన పనిలోంచి తీసుకున్న పద్ధతి. చివర ఆ రోజు మిగిలిన మాత్రలూ, మర్నాటివీ ఇంకా కట్టే ఉన్నాయి.

ఇప్పుడైతే ఇంత వివరంగా చెబుతున్నాను. ఆ రోజు నేను ఆ పోగును చేత్తో కూడా ముట్టుకోలేదు. షీట్లు లేకుంటే మందు లేదన్నాను.

"గిది దొంగ లెక్క కాదు సార్. ఒక్క చిటికి తప్పినా చీరంత ఖరాబైతది. నేను తప్పను" అన్నాడు.

స్వరూప కూడా చెప్పింది. "సార్, ఆమె ఇంటికి పోయి సూసొచ్చిన నేను. ఓర్సుకునే నొప్పి కాదది. ఇయ్యుండ్రి." రేపు తనిఖీ వస్తే సంతకం మీరు పెడతారా అని ఆమె నోరు మూయించాను. ఆమె చేతిలో రెండో తాళంచెవి ఉంది, కానీ నా తాళం తెరవకుండా దానితో ఏం ఉపయోగం?

డాక్టరమ్మ అయిదు రోజుల సెలవులో ఉన్నారు, సోమవారం వస్తారు. డ్యూటీ డాక్టరు తనకు ఈ మందులో శిక్షణ లేదని మామూలు నొప్పి మాత్రలు రాసిచ్చి చేతులు దులుపుకున్నారు. నేను అంజయ్యతో, మందు రోగికే వాడినట్టు ఊరి ఏఎన్ఎం దగ్గర కాగితం రాయించుకొస్తే చూస్తానన్నాను. అతను ఆ మధ్యాహ్నమే ఊరికి పోయాడు. ఏఎన్ఎం మీటింగులో ఉందట, దొరకలేదు.

శుక్రవారం మళ్ళీ వచ్చాడు. బూడిదలోంచి ఏరిన రేకు ముక్కలు ఒక గుడ్డలో మూటగట్టి తెచ్చాడు. కౌంటర్ మీద పరిచి లెక్కపెట్టాను. ఇరవై ఒకటి దొరికాయి. చాలవన్నాను. అతను అరవలేదు, బతిమాలలేదు. రేకు ముక్కలు మళ్ళీ మూటగట్టుకుంటూ గొంతు తగ్గించి ఒక మాట అడిగాడు.

"మావోళ్లు గంజాయి తెచ్చుకొమ్మంటుండ్రు సార్. దాంతోని నొప్పి అంతగ తెల్వదట. దొరికితె కేసయితదా?"

అవుతుంది అన్నాను. ఆ చట్టంలో నీకు రక్షణ లేదు, ఈ కార్డు దానికి పనికిరాదు అని కూడా అన్నాను. నా వెనక బీరువాలో అతని భార్య పేరున నమోదైన మందు ఉంది. దాన్ని తీసుకెళ్ళే హక్కున్న కార్డు అతని జేబులో ఉంది. మధ్యలో నేను కూర్చుని చట్టం చెబుతున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

మార్ఫిన్ ఉన్నట్టుండి ఆపకూడదు. నొప్పి తిరగబెట్టడమే కాదు, వణుకు, చెమటలు, వాంతులు మొదలవుతాయి. ఇది ఫార్మసీ చదివిన ప్రతివాడికీ తెలుసు. నాకూ తెలుసు. మూడు రోజులే కదా అనుకున్నాను. ఆ మూడు రోజులు నావి కావు కాబట్టి అంత తేలిగ్గా అనుకోగలిగాను.

సోమవారం డాక్టరమ్మ వచ్చారు. విషయం చెప్పగానే, "పోగు చూపించాడు కదా, ఇంకేం కావాలి? వెంటనే ఇవ్వండి" అన్నారు. ఎనభై నాలుగు మాత్రలు కవరులో పెట్టి ఉంచాను. సాయంత్రం దాకా అంజయ్య రాలేదు. మంగళవారమూ రాలేదు. స్వరూప ఫోను చేసి కనుక్కుని వచ్చి నా ముందు నిలబడింది. సత్తెమ్మ సోమవారం పగలు పోయిందని చెప్పి, రెండో తాళంచెవి నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. నెలాఖరుకు వేరే వార్డు అడిగి మారింది. మళ్ళీ నాతో అవసరానికి మించి మాట్లాడలేదు.

దినాలయ్యాక అంజయ్య ఆసుపత్రికి వచ్చాడు. గుండు చేయించుకుని ఉన్నాడు. కార్డు తిరిగి ఇవ్వాలని ఎవరో చెప్పారట. కార్డు కౌంటర్ మీద పెట్టి, దాని పక్కన ఆ పోగు పెట్టాడు.

"లెక్క మొత్తం రాసుకోండ్రి సార్. గోలి ఇచ్చినకాడ రబ్బరున్నది. గోలి లేనికాడ ఉత్త ముడి ఏసిన."

ఈసారి పోగు చేతిలోకి తీసుకున్నాను. రబ్బరు ముడులు లెక్కపెట్టాను. రోజుకు అయిదు వేళలు, పద్నాలుగు రోజులు, నల్ల నూలు ఉన్నచోట రెండేసి. ఎనభై నాలుగు. నా రిజిస్టర్‌తో ఒక్కటి కూడా తేడా లేదు. పద్నాలుగో రోజు పెద్ద ముడి తరువాత రబ్బరు లేదు. శనివారం అయిదు ఉత్త ముడులు. ఆదివారం అయిదు. సోమవారం రెండు. మందు లేకపోయినా, ఆ మనిషి ప్రతి వేళకూ భార్య పక్కన కూర్చుని ముడి వేశాడు. సోమవారం రెండో ముడి తరువాత వేయాల్సిన అవసరం లేకపోయింది.

క్షమించమని అడగలేదు, కార్డు వాపసు వచ్చినట్టు రిజిస్టర్లో రాసుకున్నాను. అతను నా ముఖం చూడకుండానే వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం చట్టం పుస్తకం, గుర్తింపు ఉత్తర్వు, దానితో వచ్చిన నిబంధనలు అన్నీ ముందేసుకుని మొదటి నుంచీ చదివాను. రోగి నమోదు ఉంది. డాక్టరు చీటీ ఉంది. రోజువారీ లెక్క ఉంది. ఖాళీ స్ట్రిప్పుల మాట ఎక్కడా లేదు. అది చట్టంలో లేదు, ఉత్తర్వులో లేదు, నా బోర్డు మీద మాత్రమే ఉంది. మర్నాడు ఆ అయిదో వాక్యం చెరిపేశాను. అంతకుముందు దాని గురించి నన్ను ఎవరూ అడగలేదు, చెరిపాక కూడా ఎవరూ అడగలేదు.

నేను నేర్చుకున్నది ఇంతే: ఒక నిబంధన పేరు చెప్పి మనిషిని వెనక్కి పంపే ముందు, దాన్ని ఎవరు రాశారో చూడాలి. నేను తరువాత చూశాను. తరువాతి ఏడాది తనిఖీ వచ్చింది. అధికారి మార్ఫిన్ రిజిస్టర్ తిరగేసి, లెక్క సరిగ్గా ఉందని మెచ్చుకుంటూ సంతకం పెట్టాడు. సత్తెమ్మ పేజీకి గుండుసూదితో గుచ్చిన నూలు పోగు చూసి అదేమిటని అడిగాడు. అది కూడా రిజిస్టరే సార్ అన్నాను. అతను పేజీ తిప్పేశాడు.