ఓయ్రిక్ కాదన్న పిట్ట

మా దీవి రేవులో ఓడ తాళ్ళు అందుకుని కట్టే ఆడమనిషి ఓయ్రిక్ ఒక్కతే. ఎంత గాలి కొట్టినా ఆమె చేతిలోంచి తాడు జారడం నేను చూడలేదు. నా దుకాణం రేవు పక్కనే ఉంది కాబట్టి ఈ మాట నేనే చెప్పాలి.

ఆమెకున్న పిచ్చి అల్లా క్రేక్ పిట్టే. వసంతంలో సముద్రం దాటి వచ్చి, గడ్డిలో నక్కి, కంటపడకుండా రాత్రంతా క్రెక్ క్రెక్‌మని అరిచి మా నిద్ర చెడగొట్టే పిట్ట. అది వచ్చేసరికి ఇక్కడ గడ్డి ఇంకా బెత్తెడు కూడా లేవదు. దాక్కునేంత ఎత్తు ఉండేది ఓయ్రిక్ ఇంటి పక్కనున్న దురదాకు పొదే. ఆ జాగా ఊరందరిదీ. అయినా ఓయ్రిక్ తన తల్లిలాగే దానికి కొడవలి తగలనివ్వలేదు.

నిరుడు పిట్ట రాలేదు. ఇంకేముంది, రూరీకి సందు దొరికింది. ఊరి మేత భూముల పెత్తనం అతనిది. అక్కడ గొర్రెల దొడ్డి కట్టాలని ఎప్పటినుంచో కన్నేసి ఉన్నాడు.

“పిట్టా లేదు, పాడూ లేదు. దురద తప్ప ఏముందే అక్కడ?” అన్నాడు నా దుకాణంలోనే. ఇద్దరూ ఒకే బడిలో చదువుకున్నవాళ్ళు.

“నీకంటే ఆ దురదే నయం, పోరా!” అంది ఓయ్రిక్.

చివరికి ఊరంతా కూర్చుని తేల్చారు. ఈ ఏడు మే నెల మొదటి శనివారంలోగా పిట్ట కూత వినిపిస్తే పొద ఉంటుంది. లేదంటే కొట్టేస్తారు.

శనివారం పొద్దున రూరీ కొడవలి భుజాన వేసుకుని బయల్దేరాడు. వెనక మేమంతా. ఓయ్రిక్ ముఖం చూడలేకపోయాను. ఓయ్రిక్ ఇంటి పక్క గేటు తీశామో లేదో, క్రెక్ క్రెక్! క్రెక్ క్రెక్!

“వచ్చేసింది!” అని అరిచాను. రూరీ టోపీ తీసి, “సరేనమ్మా, ఓడిపోయాను. నీ పొద నువ్వే ఉంచుకో,” అన్నాడు.

ఓయ్రిక్ కదల్లేదు. “అది పిట్ట కాదురా,” అంది.

“నోరు మూసుకోవే!” అంటూ ఆమె చెయ్యి గిల్లాను. వింటేగా!

“తలెత్తి చూడండి. నా పొగగొట్టం మీద గోరింక. ఎప్పుడో నేర్చుకున్న కూతను వెక్కిరిస్తోంది. పిట్ట ఇంకా రాలేదు.”

నిజమే. నల్లటి గోరింక మెడ ఉబ్బించి మళ్ళీ అచ్చం అలాగే కూసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నోటి దాకా వచ్చిన కూడును చేజేతులా నేలపాలు చేసుకునే మనిషి ఉంటుందా!

రూరీ కొడవలి దించాడు.

“నువ్వు ఊరుకుంటే అయిపోయేది కదే,” అన్నాడు.

“అయిపోయేది. రేపు అసలుది వచ్చిందంటే నువ్వు నమ్మేవాడివా?”

రూరీ కొడవలి మళ్ళీ భుజానికెత్తుకుని మా వైపు తిరిగాడు. “ఇక గడువూ లేదు, గిడువూ లేదు. పొద ఉంటుంది. పిట్ట ఎప్పుడొచ్చిందో ఓయ్రిక్ చెబుతుంది,” అని ఇంటికి వెళ్ళిపోయాడు. మేమంతా సరేనన్నాం. నా చిన్ననాటి స్నేహితురాలిని చూసి నాకు గుండె నిండిపోయింది. కాసేపటి క్రితం గిల్లింది నేనే అన్నది వేరే సంగతి.

తర్వాతి వారం ఓయ్రిక్ ఓడ కట్టేసి తడి చేతులతోనే దుకాణంలోకి వచ్చింది. లోపల రూరీతో పాటు అరడజను మందిమి ఉన్నాం.

“వచ్చింది. నిన్న సాయంత్రం నా కళ్ళముందే దారి దాటి పొదలో దూరింది,” అంది.

“అయితే దొడ్డి మా ఇంటి వెనక కట్టుకుంటాలే. వాసన నా ఖర్మ,” అన్నాడు రూరీ.

ఆమెకు వేడి టీ పోసిచ్చాను. ఆ పొద్దు మాలో ఒక్కరు కూడా కూత వినిపిస్తుందో లేదో చూసుకోవడానికి పొద దగ్గరికి వెళ్ళలేదు.