కన్ను లేని చిలకలు

పెయింటర్ పాత డిస్టెంపర్ తడిపి గీకుతుంటే ఇల్లంతా కావి వాసన. మన రాజపాళయం వాళ్లకు గుర్తుందా, గుమ్మం పక్కన గోడ మీద కావి చిలకలు? మా అవ్వ ఇంట్లో మనిషికొకటి గీసేది. బతికున్నవాళ్ల చిలకకు కన్ను మాత్రం పెట్టేది కాదు.

"కన్ను పెడితే ఎగిరిపోతాది పాపా. పోయినోళ్లకే పెట్టాల. వాళ్లకు దోవ కనపడాల గదా" అనేది.

తాత పోయిన రోజు ఆయన చిలకకు సున్నంతో చుక్క పెట్టింది. అవ్వ చిలకకు అమ్మ పెట్టింది. ఆ తర్వాత గోడంతా డిస్టెంపర్ కొట్టించేశాం.

ఇవాళ అవన్నీ మళ్లీ బయటపడ్డాయి. చివర ఉన్న చిన్న చిలక నాది.

పెయింటర్ దాని ముందే ఆగిపోయాడు. "అక్కా, దీని కంట్లో సున్నం ఇంకా ఆరలేదే. ఇప్పుడు ఎవురు పెట్టినారు?"