మూడు టీలయ్యాకే వాల్వు

మా పెద్దమేస్త్రి పోయారని మొన్న పొద్దున ఫోనొచ్చేసరికి నా చెయ్యి వాల్వు మీదే ఉంది. వెంటనే పరుగెత్తాలనిపించింది. పరుగెత్తితే ఆయనే తిట్టేవారు. అప్పటికి రెండో టీ కూడా కాలేదు.

కల్లూరు దగ్గర మా యూనిట్లో బత్తాయి తొక్కల నుంచి సువాసన నూనె తీస్తాం. దాన్ని శుద్ధి చేయడానికి మందపాటి ఉక్కు పాత్రలో పోసి, సిలిండర్ నుంచి కార్బన్ డయాక్సైడ్ గ్యాసును ఒత్తిడి పెట్టి ఎక్కిస్తాం. గ్యాసు నూనెలో కరుగుతుంది, నూనె ఉబ్బుతుంది. పాత్రకున్న గాజులో మట్టం పైకి లేస్తుంది.

చేరిన కొత్తలో నాకివేవీ తెలియవు. పొద్దున గాజు మీది గీత దాటి ఉన్న నూనె మధ్యాహ్నానికి నాలుగు వేళ్లు దిగింది. పాత్ర దగ్గర ఉన్నది పెద్దమేస్త్రి ఒక్కరే. అందరి ముందూ అరిచాను.

"నూనె ఏడబోయింది? నువ్వే తీసినవ్!"

మేనేజరూ అప్పుడే కొత్త. లెక్క తేలేదాకా గేటు బయట ఉండమన్నాడాయన్ని. అన్నేళ్ల మంచిపేరు నా ఒక్క కేకతో పోయేట్టుంది. ఆయనేమో నవ్వారు.

"జర ఆగుండ్రి సార్, దొంగను పట్టిస్తా."

మళ్లీ గ్యాసు ఎక్కించారు. మట్టం గీత దాటింది. "ఇగో, వచ్చిండు." వాల్వు పావు చుట్టు తిప్పారు. గ్యాసు బుడగలై పైకి పోయింది, మట్టం దిగింది. "ఇగో, పోతుండు."

మేనేజర్ నావైపు తిరిగాడు. "ముందు వీణ్ణి పంపించెయ్యండి!"

"ఎందుకు సార్? గాజు దిక్కు గింత మంచిగ చూసినోడు ఇన్నేండ్లల్ల వీడొక్కడే. నాకియ్యుండ్రి."

అలా ఆయన శిష్యుణ్ణయ్యాను. పావు చుట్టు, ఒక టీ. ఇంకో పావు, ఇంకో టీ. మూడు టీలకు గ్యాసు దిగాలి. ఒకసారి కోపంలో వాల్వు మొత్తం ఒక్కసారే తిప్పేశాను. నూనె నురగై నామీదికి చిమ్మింది, పైపు మంచుకట్టింది. నెల రోజులు నా చొక్కా బత్తాయి వాసనే.

"నీ కోపం గూడ గట్లనే దించురా, జరంత జరంత."

మొన్న ఆయనింటికి ఆలస్యంగానే వెళ్లాను. వాకిట్లో ఎవరో "చదువు లేకున్నా మంచోడు" అన్నారు. ఒళ్లు మండింది. చదువు లేదట! కొట్టేవాణ్ణే. మనసులో మూడు టీలు తాగి ఊరుకున్నాను. మేస్త్రి భార్య నా చేతులు వాసన చూసింది.

"మూడోది అయినంకనే వచ్చినవా?"

"అవ్ పెద్దమ్మా."

ఏడుస్తూనే నవ్వింది.

ఇవాళ యూనిట్లో కొత్తగా చేరిన అమ్మాయి పరుగున వచ్చింది. "అన్నా, నూనె తగ్గింది! ఎవరో తీసిన్రు!"

"అవ్ చెల్లె, దొంగ నాకెరుకే. గట్ల కూసొని టీ తాగు, చూపిస్త."

గాజులో సన్నటి బుడగలు ఒకదాని వెంట ఒకటి, ఏ తొందరా లేకుండా పైకి పోతున్నాయి.