బిడ్డ తల మీద ఒట్టు

పులివెందుల వైపు ముగ్గురాయి తవ్వే గని గుంతల్లో గంపలు మోసిన గురమ్మను నోటిదురుసు మనిషి అంటారు. ఆ మాట అనేవాళ్ళంతా ఆమె నోటివల్ల బాగుపడినవాళ్ళే. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

1955 ఎండాకాలంలో ఆమె చంటికొడుకు నారాయణ, గుంత గట్టున పరిచిన గుడ్డ మీద ఎండదెబ్బకు సొమ్మసిల్లాడు. బతికాడు గాని, గురమ్మ ఊరుకోలేదు. చంటిబిడ్డలకు ఒక కొట్టం, అందులో నీళ్ళకుండ, తల్లులు వచ్చి పాలిచ్చుకునేందుకు కాస్త వ్యవధి కావాలని మేస్త్రీ పుల్లయ్యను అడిగింది. ఇది గని, మీ పుట్టిల్లు కాదన్నాడతను.

అయితే అందరం గంపలు దించేద్దామని ఆమె ఆడకూలీలను కూడగట్టింది. ఎవరూ మాట తప్పకుండా ఒట్టు వేసుకోవాలన్నది రామసుబ్బమ్మ. గురమ్మకు చెల్లెలి వరస, పక్కపక్కనే గంప మోసే మనిషి. ముందు నడిచేది అక్కే కాబట్టి అక్క బిడ్డ మీదే వేద్దామన్నది కూడా ఆమే. గురమ్మ పొంగిపోయి కొడుకును ఒడిలో పెట్టుకుని కూర్చుంది. ఒకరి తర్వాత ఒకరు వచ్చి వాడి తల మీద చెయ్యి పెట్టారు. ఒట్టు తప్పితే దోషం తగిలేది ఆ తలకేనని ఆ పిచ్చితల్లికి తోచనే లేదు.

తెల్లవారి గంప బోర్లించి కూర్చున్నది గురమ్మ ఒక్కతే. మిగిలినవాళ్ళు తలలు వంచుకుని ఆమె పక్కనుంచే గుంతలోకి దిగిపోయారు. అందరికంటే ముందు రామసుబ్బమ్మ. పుల్లయ్య గురమ్మను ఇక పనికి రావద్దన్నాడు.

నెల తిరక్కుండా కొట్టం లేచింది. బోదగడ్డి కప్పు, నీళ్ళకుండ, ఉయ్యాలలు, అన్నీ గురమ్మ అడిగినవే. నీడపట్టున కూర్చుని బిడ్డలను చూసుకునే పని రామసుబ్బమ్మకిచ్చారు. ఆ బేరం ఎప్పుడు కుదిరిందో నన్నడగొద్దు.

ఆ వారమే నారాయణకు జ్వరం తగిలింది. గురమ్మ హడలిపోయింది. బిడ్డను భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగి, ఒట్టు తీసి గట్టున పెట్టమని బతిమాలింది. ఏడ్చుకుంటూ అందరూ తీశారు. చివరికి కొట్టం దగ్గరికి పోయింది.

"సుబ్బమ్మా, నీ నీడ నాకొద్దు. నా బిడ్డ మీది ఒట్టు ఒగటి తీసెయ్."

రామసుబ్బమ్మ ఉయ్యాల ఊపడం ఆపలేదు. ఓదార్చాలనే అనుకుంది, పాపం.

"భయపడాకు అక్కా. ఆ పొద్దు నా చెయ్యి వాని తలకు తగలనే లేదు. పైపైనే పెట్టినా."

నారాయణ జ్వరం తగ్గింది. గురమ్మ మాత్రం ఆ తర్వాత వాడి తల మీద ఎవరినీ చెయ్యి వేయనివ్వలేదు, దీవించడానికైనా సరే.